లోన్‌తో పాటు వచ్చిన పాలసీ ఇంటికేనా?

ప్రశ్న: మా ఇల్లు పల్లంలో ఉంది. హోమ్ లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్లే ఇన్సూరెన్స్ చేయించారు. పాలసీలు, సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు అన్నీ ఒకే బీరువాలో ఉన్నాయి. వరద వస్తే ఎలాగా అని తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఇంకో పాలసీ తీసుకోమంటారా?

జవాబు: కొత్త పాలసీ సంగతి తర్వాత చూద్దాం. ముందు బ్యాంకు చేయించిన పాలసీని బయటికి తీసి చదవండి. లోన్ తీసుకున్న మనిషి చనిపోతే బాకీ తీర్చే పాలసీ ఒకటుంటుంది. దానికీ మీ ఇంటి గోడలకూ సంబంధం లేదు. చాలామంది దాన్నే ఇంటి బీమా అనుకుని ధీమాగా ఉంటారు, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఒకవేళ అది నిజంగా ఇంటి పాలసీయే అయినా కట్టడం వరకే ఉండొచ్చు, లోపలి సామానుకు వర్తించకపోవచ్చు. మినహాయింపుల పేజీలో వరద ఉందేమో చూడండి. కొన్ని పాలసీల్లో దానికి విడిగా ప్రీమియం కట్టాలి. ఆ పని వానాకాలానికి చాలా ముందే జరగాలి. తుఫాను హెచ్చరిక వచ్చాక పరిగెత్తితే దొరక్కపోవచ్చు.

బీమా మొత్తం కూడా సరిచూసుకోండి. ఇల్లు అమ్మితే వచ్చే ధరతో ఇక్కడ పని లేదు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు లెక్కేయాలి. 100 ఖర్చయ్యే ఇంటికి 50కే బీమా ఉందనుకోండి. 20 నష్టమొస్తే, 50 లోపే కదా, అంతా ఇస్తారనుకుంటాం. తక్కువ బీమా ఉంటే కోత పెట్టే షరతున్న పాలసీల ప్రకారం చేతికొచ్చేది 10 మాత్రమే. బీమా సగానికే కాబట్టి నష్టంలోనూ సగమే ఇస్తారు.

ఈ ఆదివారం ఫోన్ పట్టుకుని గదిగదీ వీడియో తీయండి. బీరువా తలుపులు తెరిచి తీయండి. టీవీ, ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబర్లు స్పష్టంగా కనిపించాలి. రేపు నష్టం లెక్కగట్టడానికి బీమా కంపెనీ తరఫున సర్వేయర్ వచ్చి ఏమేం పోయాయని అడిగితే, బురదలో నిలబడి గుర్తు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. కాగితాలన్నీ స్కాన్ చేసి, వీడియోతో కలిపి క్లౌడ్‌లో ఒక కాపీ, వేరే ఊళ్లో నమ్మకమైన బంధువుల దగ్గర ఒక కాపీ ఉంచండి. పాలసీ నంబర్లు, క్లెయిమ్ ఫోన్ నంబర్లు, లోన్ ఖాతా వివరాలు ఒక్క పేజీలో రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకండి.

క్లెయిమ్ డబ్బు వచ్చేదాకా ఈఎంఐ ఆగదు. అందుకని కొన్ని నెలల ఖర్చు సేవింగ్స్‌లో, కొంత నగదు చేతిలో ఉండాలి. కరెంటు పోతే ఏటీఎం పనిచేయకపోవచ్చు.

నీళ్లు తీశాక తొందరపడి ఇల్లు కడిగేయకండి. ముందు ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేయండి. పాడైన సామాను సర్వేయర్ చూసేదాకా పారేయొద్దు. కారు మునిగితే స్టార్ట్ చేయకుండా తోయించి మెకానిక్ దగ్గరికి చేర్చండి. నీళ్లున్న ఇంజిన్‌ను తిప్పి పాడుచేస్తే, ఇంజిన్‌కు విడిగా కవర్ లేని పాలసీల్లో ఆ క్లెయిమ్‌ను తిరస్కరించే అవకాశం ఎక్కువ.