చూపు లేనివారికి టచ్ ప్యానెల్ గుర్తులు

ప్రశ్న: మా అత్తగారికి షుగర్ వల్ల చూపు పోయింది. కొత్తగా కొన్న మైక్రోవేవ్ ఓవెన్‌కు నున్నటి టచ్ ప్యానెల్ ఉంది. బంధువులొకరు ప్రతి బటన్ మీదా బ్రెయిలీ స్టిక్కర్లు అంటించారు కానీ, ఆమెకు అవి అంతుపట్టడం లేదు. నేర్పించాలా, మరో దారి ఉందా?
- ఒక గృహిణి, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ స్టిక్కర్లు తీసేయండి. వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపిలో ఒక్కో అక్షరం గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది. పక్కపక్క చుక్కల మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు, ఎత్తు అర మిల్లీమీటరు. చిన్నప్పుడే బడిలో నేర్చుకున్నవారికి అది సులువే కానీ, పెద్దవయసులో చూపు పోయి, మధుమేహం వల్ల వేళ్ల కొసల్లో స్పర్శ కూడా మొద్దుబారినవారికి చుక్కలన్నీ కలిసిపోయి గరుకు కాగితంలా తగులుతాయి.

గుర్తులు ఎన్ని తక్కువుంటే అంత మేలు. ఫోను మీటల్లో 5 మీద ఉండే చిన్న బొడిపె ఒక్కటే మిగతా అంకెలన్నిటికీ దారి చూపుతుంది కదా! మీ ఓవెన్‌కు స్టార్ట్, స్టాప్ చాలు. అయితే వేలు తగిలితే చాలు పనిచేసే ప్యానెల్ మీద గుర్తును బటన్ నడిమధ్య పెడితే, వెతికే వేలే దాన్ని నొక్కేస్తుంది. అందుకని బటన్‌కు ఆనుకొని, కింది అంచున పెట్టండి. గట్టిగా అదిమితే తప్ప పనిచేయని రకమైతే బటన్ మీదే పెట్టవచ్చు.

స్టార్ట్‌కు గుండ్రటి రబ్బరు బొడిపె, స్టాప్‌కు పొడవాటి గీత పెడితే ఆకారాన్ని బట్టే తేడా తెలుస్తుంది. గీతను బట్టల మీద వేసే ఉబ్బెత్తు రంగుతో గీసి, పూర్తిగా ఆరనివ్వండి. బొట్టుబిళ్లలు అంటించేవారూ ఉన్నారు. వంటింటి జిడ్డుకు వాటి జిగురు నిలవదు. ఏది అంటించినా ముందు ఆ చోటు జిడ్డు పోయేలా తుడవాలి.

మీరు కళ్లు మూసుకొని తడిమి, బాగుందనుకోకండి. ప్యానెల్ మీకు ముందే గుర్తుంటుంది. అత్తగారి చేయి ఓవెన్ మీద మొదట ఎక్కడ ఆనుతుందో చూసి, ఆమె చెప్పినచోటే అంటించండి. రోజువారీ పనుల్లో శిక్షణకు బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగాన్ని సంప్రదించవచ్చు. అందరూ వాడగలిగే గృహోపకరణాల తయారీని ప్రభుత్వాలు ప్రోత్సహించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 43వ సెక్షన్‌లోనే ఉంది. దుకాణాల్లో మాత్రం నున్నటి అద్దాలదే రాజ్యం. కాబట్టి ఈసారి వాషింగ్ మెషీన్ కొనేటప్పుడు, తిప్పితే ఒకచోట ఆగే నాబ్ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఆగకుండా గిరగిరా తిరిగే నాబ్‌కు ఏ గుర్తు పెట్టినా ప్రయోజనం ఉండదు.