విడదీస్తే పాపమా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా పక్కింటి మెట్ల కింద వీధికుక్క అయిదు పిల్లల్ని పెట్టింది. ఒకటి బండి కింద పడి పోయింది, రెండిటిని ఎవరో తీసుకెళ్లారు. మిగిలిన రెండూ ఆడవే. యాభై రోజులు నిండాయి. మా పాప ఏడో తరగతి, బాబు నాలుగు. చెరొకటీ కావాలని పట్టుబట్టి కూర్చున్నారు. నేను టీచర్ని, ఎనిమిదికి వెళ్తే ఇల్లు చేరేసరికి అయిదవుతుంది. మావారు రైసుమిల్లులో గుమస్తా, రాత్రి ఎనిమిది దాటాకే వస్తారు. పగలంతా ఇంట్లో మా అత్తయ్య గారు ఒక్కరే. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. "అక్కచెల్లెళ్లను విడదీస్తే పాపం, రెండూ ఉంటే ఒకదానికొకటి తోడు, మనకీ పని తగ్గుతుంది" అంటున్నారు. మావారు ఒకటైతే సరే అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఒక్కదాన్నే తెచ్చుకోండమ్మా. రెండోదానికి మీరే మంచి ఇల్లు చూడండి.

మీ అత్తగారిది మంచి మనసు. ఆవిడ అన్న మాటే నేనూ ఒకప్పుడు నమ్మాను, పశువైద్యం చదువుకుని కూడా. 2011లో కాకినాడలో ఉండగా మా ఇంటి వెనక తుప్పల్లో రెండు ఆడ కుక్కపిల్లలు దొరికాయి, ఒకే ఈతవి. నల్లమచ్చదానికి మల్లి అని, గోధుమరంగుదానికి చిట్టి అని పేర్లు పెట్టాను. నేను డ్యూటీకి వెళ్తే ఒకదానికొకటి తోడుంటాయి కదా అనుకున్నాను. ఉన్నాయి. గోనెపట్టా మీద ఒకదాని మెడ మీద ఒకటి తల వాల్చి పడుకునేవి. చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావు.

మూడు నాలుగు నెలలయ్యాక ఒక సంగతి గమనించాను. "చిట్టీ" అని పిలిస్తే చిట్టి నా వైపు చూసేది కాదు. ముందు మల్లి మొహం చూసేది. మల్లి లేస్తే లేచేది, లేకపోతే లేదు. వాటికి ఒకదానికొకటి ఉన్నాక నాతో పనేముంది? అన్నం పెట్టే మనిషిని, అంతే.

ఎనిమిదో నెలలో మల్లిని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి తీసుకెళ్లి సాయంత్రం తిరిగొచ్చాను. చిట్టి వీధి తలుపు గీరి గీరి ముందుకాళ్ల గోళ్లు రెండు విరగ్గొట్టుకుంది. గడప మీద నెత్తురు మరకలు. పొద్దున పెట్టిన పెరుగన్నం గిన్నెలో అలాగే ఉంది, చీమలు పట్టి. ఒక్క పూట విడిగా ఉండడం ఆ పిల్లకు నేను నేర్పలేదని అప్పుడు అర్థమైంది.

ఏడాదిన్నర వయసులో కొట్లాటలు మొదలయ్యాయి. మొదటిది బట్టలుతికే బండ దగ్గర, కొబ్బరిచిప్ప కోసం. నేను విడదీయబోతే ఎవరి పన్ను పడిందో తెలియదు, ముంజేతికి నాలుగు కుట్లు పడ్డాయి. ఉద్యోగరీత్యా రేబిస్ టీకాలు ముందే వేయించుకున్నదాన్ని కాబట్టి మళ్లీ రెండు డోసులతో సరిపోయింది. ఆ తర్వాత అవి కలిసి ఉండలేదు. ఒకే వయసు, ఒకే ఇల్లు, రెండూ ఆడవి. అలాంటి జంట ఒకసారి చెడితే మళ్లీ కలపడం చాలా కష్టం. ఇంత జరిగాక చిట్టిని మండపేటలో మా చెల్లెలికి ఇచ్చాను. నెల తర్వాత చూడ్డానికి వెళ్తే, మా చెల్లెలు పెరట్లోంచి ఒక్క పిలుపు పిలిచింది. చిట్టి తోకాడించుకుంటూ పరిగెత్తింది. నా దగ్గరున్నన్నాళ్లూ నేను పిలిస్తే అలా ఒక్కసారీ రాలేదు. ఆ రోజు వరండాలో కూర్చుని ఏడ్చానమ్మా. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

కుక్కలకు తర్ఫీదిచ్చేవాళ్లు దీన్ని లిటర్‌మేట్ సిండ్రోమ్ అంటారు. ఇది జబ్బు పేరు కాదు, కలిసి పెరిగిన పిల్లల్లో వాళ్లు చూసిన తీరుకు పెట్టుకున్న పేరు. అన్ని జంటలూ ఇలాగే అవుతాయని నేననను. హాయిగా బతికిన జతలనూ చూశాను. కానీ ఆ ఇళ్లలో రెండిటికీ చెరొక మనిషి ఉన్నారు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని తెలుసుకునే కాలం. మనుషుల చేతులు, మిక్సీ మోత, ఆటో హారను, ఒంటరిగా కాసేపు ఉండడం, ఇవన్నీ అప్పుడే అలవాటు కావాలి. రెండిటిని తెస్తే ఒక్కోదాన్నీ విడిగా తిప్పాలి, విడిగా తిండి పెట్టాలి, విడిగా పడుకోబెట్టాలి, పేరు పెట్టి పిలిస్తే రావడం విడిగా నేర్పాలి. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా మీకు వంట, పిల్లల హోంవర్కు. మరి రెండోదానికి ఎవరున్నారు?

పగలు చూడాల్సింది అత్తగారు. ఈ వయసు పిల్ల నిద్ర లేచినా, తిన్నా, ఆడినా వెంటనే బయటికి తీసుకెళ్లాలి. ఒకటైతే ఆవిడ నెమ్మదిగా పెరటి గుమ్మం దాకా నడిపిస్తారు. రెండైతే హాల్లో మూత్రం ఎవరు పోశారో కూడా తెలియదు, ఇక నేర్పేదెవరికి? అయిదు నెలలొచ్చేసరికి ఒక్కోటి ఏడెనిమిది కిలోలు తూగుతాయి. రెండూ తరుముకుంటూ వచ్చి మోకాళ్ల నొప్పులున్న మనిషి కాళ్లకు అడ్డం పడితే ఏమవుతుందో ఆలోచించండి.

ఖర్చు సంగతి మీవారికి చెప్పుకోవాల్సిన పని లేదంటారేమో, అయినా చెబుతాను. నట్టల మందు, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేదాకా పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకు టీకాలు, మూడో నెలలో రేబిస్ టీకా, ఆపైన ఆపరేషన్. అన్నీ రెండేసి. పార్వో ఒకదానికి సోకితే రెండోది తప్పించుకోవడం కష్టం. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి చావదు, ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ కావాలి.

ఇక పాపం సంగతి. పళ్లు గుచ్చుకోవడం మొదలయ్యాక తల్లే పిల్లల్ని దూరం పెడుతుంది. పాలకొస్తే గుర్రుమని లేచిపోతుంది. మెట్ల దగ్గర కాసేపు నిలబడి చూడమనండి అత్తగారిని. ఎనిమిది వారాలు నిండాక విడిపోవడం వాటికి సహజమే, ముందు మాత్రం తీయకూడదు. అంటే మీరు ఇంకో వారం ఆగాలి. రెండోది మీ వీధిలోనే ఎవరింటికైనా వెళ్తే ఇంకా మంచిది. టీకాలన్నీ పూర్తయ్యాక అక్కచెల్లెళ్లు సాయంత్రాలు కలుస్తాయి, మీ బాబుకూ బెంగ ఉండదు. మీకు రెండు కుక్కలు కావాలనే ఉంటే, మొదటిది మీ మాట వినే కుక్క అయ్యాక, ఏడాదిన్నర రెండేళ్లకు, మగదాన్ని తెచ్చుకోండి. అప్పటికి మీ దానికి ఆపరేషన్ చేయించి ఉండాలి సుమా.

మరో రెండు మాటలు. ఆటలో పిల్లల చేతికి పన్ను గీరినా, నెత్తురు రాకపోయినా, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిన్న కుక్కే కదా అని వదిలేయొద్దు, కుక్కపిల్లలకూ రేబిస్ వస్తుంది. ఆ తల్లిని కూడా మరిచిపోకండి. ఆర్నెల్లకోసారి ఎదకొస్తుంది, 63 రోజులకు మళ్లీ అదే మెట్ల కింద అయిదారు పిల్లలు. వీధికుక్కలకు ఆపరేషన్ చేయించాల్సిన బాధ్యత మున్సిపాలిటీదే. పాలు పూర్తిగా మాన్పించాక వెళ్లి అర్జీ ఇవ్వండి, పక్కింటివాళ్లనూ తోడు తీసుకెళ్లండి.

రెండిట్లో ఏది అని పిల్లలు కొట్టుకుంటారు. వాళ్లను ఎంచుకోనివ్వొద్దు. ఈ ఆదివారం ఒక్కోదాన్ని విడిగా మీ పెరట్లోకి తెచ్చి వదలండి. అత్తగారిని పీట వేసి కూర్చోబెట్టండి, పిలవొద్దనండి. పది నిమిషాలు చూడండి. కాసేపు బెదిరి, అటూ ఇటూ వాసన చూసి, తనంతట తానే ఆవిడ పాదాల దగ్గరికొచ్చి కూర్చునే పిల్ల మీది. తెచ్చే రోజు తల్లి పడుకున్న గోనెసంచి ముక్క కూడా తెచ్చి, మొదటి మూడు నాలుగు రాత్రులు మీ మంచం పక్కనే ఆ ముక్క మీద పడుకోబెట్టండి. ఏడిస్తే చెయ్యి కిందికి జార్చి తల మీద పెట్టండి.