చివరి పరీక్షలో వెనకబడ్డ పిల్లల్ని టీచర్ ఎలా గట్టెక్కించగలరు?

అదనపు క్లాసుల కంటే ముందు, మార్కు ఎక్కడ పోయిందో విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని జవాబు పత్రంలో చూడాలి. లెక్కలు తప్పే పిల్లాడికి చాలాసార్లు సూత్రం వచ్చే ఉంటుంది. బ్రాకెట్ తీసేటప్పుడు మైనస్ గుర్తు మార్చడం దగ్గరే దెబ్బతింటాడు. అది పట్టుకోకుండా పాఠం మొత్తం మళ్లీ చెప్పినా అదే తప్పు చేస్తాడు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ చదివినవాళ్లకన్నా చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కాబట్టి పాత పాఠాల నుంచి రోజూ రెండు మూడు ప్రశ్నలు అడగండి. వాటికి మార్కులు మాత్రం వద్దు, భయంతో కాపీ కొడతారు.

ఇదంతా టీచర్ మీదే వేసి ఫలితాలు రాలేదనడం అన్యాయం. పేపర్లు దిద్దే సమయాన్ని హెడ్‌మాస్టర్ టైమ్‌టేబుల్‌లోనే కేటాయించాలి.