వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కి ఎజైల్ పనికొస్తుందా?

మీరు అడిగింది ఇది: "మాది సిరంజి పంపు ప్రాజెక్టు. మేనేజరు స్క్రమ్‌లోకి మారదామంటున్నాడు, క్వాలిటీ వాళ్లేమో ఆడిట్‌లో దొరికిపోతామంటున్నారు. ఎవరి మాట నిజం?"

మేనేజరు మాటే నిజం. ఎజైల్ అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేస్తూ, ప్రతి విడతలో చూపించి దిద్దుకుంటూ పోవడం; స్క్రమ్ అందులో ఒక పద్ధతి, దాంట్లో ఒక్కో విడతను స్ప్రింట్ అంటారు. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో, రోగికి మందును కొలిచిన వేగంతో ఎక్కించే ఇలాంటి పంపుల సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఫలానా పద్ధతిలోనే చెయ్యాలని వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62304లో ఎక్కడా లేదు. అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ వ్యాలిడేషన్ గైడెన్స్ కూడా ఆ ఎంపిక మనకే వదిలేసింది. ఈ నిబంధనల కింద ఎజైల్ ఎలా చెయ్యాలో చెప్పడానికే అక్కడి వైద్య పరికరాల ప్రమాణాల సంఘం ఏఏఎంఐ 2012లో టీఐఆర్45 అనే నివేదిక తెచ్చింది. అయినా మన క్వాలిటీ మేనేజర్లలో చాలామంది వాటర్‌ఫాలే (ఒక దశ పూర్తిగా ముగిశాకే తర్వాతి దశకు వెళ్లే పద్ధతి) చట్టమన్నట్టు మాట్లాడతారు. నాకు తెలిసి ఇది భయమే తప్ప నిబంధన కాదు.

నా నమ్మకం మాత్రం ఈ కాగితాల వల్ల వచ్చింది కాదు, ఒక డెమో వల్ల వచ్చింది.

అప్పుడు మాది నాలుగో స్ప్రింట్. రేటు ఎంటర్ చేసే స్క్రీన్ ఒక్కటే సిద్ధమైంది. మోటారు లేదు, అలారం లేదు. అయినా ఐసీయూలో పాతికేళ్లు చేసి రిటైరైన ఒక సిస్టర్‌ను పిలిచాం. గంటకు 2.5 మి.లీ. పెట్టమన్నాం. ఆవిడ బ్యాగులోంచి గ్లవ్స్ తీసి తొడుక్కున్నారు, శానిటైజర్ రాసుకున్నారు, పంపుకి పక్కగా నిలబడి టకటకా నొక్కేశారు. స్క్రీన్ మీద 25 వచ్చింది. దశాంశ చుక్క పడలేదు.

"సిస్టర్, స్క్రీన్ చూసి నొక్కండి" అన్నాను.

"పంపునెందుకు చూస్తాను బాబూ? పేషెంట్‌ను చూస్తాను" అన్నారావిడ.

మళ్లీ నొక్కించాం. పదిసార్లలో మూడుసార్లు చుక్క పడలేదు. తడి గ్లవ్‌తో తేలిగ్గా తాకితే ఆ చుక్క మీట పట్టుకోవడం లేదు. మా టెస్టర్లు ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని, ఒట్టి వేలితో నెమ్మదిగా నొక్కి అన్నీ పాస్ చేశారు. బీపీ నిలబెట్టే మందు పదిరెట్లు వెళితే ఏమవుతుందో ఆ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రమే రిస్క్ ఫైల్ తెరిచాం. "తప్పు రేటు" అనే ప్రమాదం అందులో ముందే ఉంది. దానికి మేం రాసుకున్న నివారణ: యూజర్ మాన్యువల్‌లో హెచ్చరిక. వైద్య పరికరాల రిస్క్ మీద ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 14971 ప్రకారం ముందు డిజైన్‌లోనే ప్రమాదం లేకుండా చూడాలి, కుదరకపోతే రక్షణ పెట్టాలి, హెచ్చరిక చివరిది. తర్వాతి స్ప్రింట్‌లో మీట మార్చాం, చుక్కకు వేరే శబ్దం పెట్టాం, మందును బట్టి గరిష్ఠ పరిమితి పెట్టాం. ఇదే ఏడాదిన్నర తర్వాత వ్యాలిడేషన్‌లో (పరికరం వాడేవాళ్లకి సరిపోతుందా అని చివర్లో చేసే పరీక్షలో) బయటపడి ఉంటే? పరికరం పైభాగానికి అచ్చులు పోసేశాక మీట మార్చడానికి ఎవరూ ఒప్పుకోరు. మాన్యువల్‌లో ఇంకో లైను కలిపి ఊరుకునేవాళ్లం.

థెరాక్-25 సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్లకి తెలిసిందే. 1985-87 మధ్య ఆ రేడియేషన్ యంత్రం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చింది. టెక్సస్‌లోని టైలర్ నగరంలో ఒక ఆసుపత్రిలో తప్పు ఎలా జరుగుతోందో పట్టుకున్నది అక్కడి ఫిజిసిస్టు, ఆపరేటరే. ఆపరేటర్ చేయి తిరిగిన వేగంతో ఎంట్రీ దిద్దితేనే అది బయటపడింది. అందుకే వాడే మనిషి చేయి మొదటి నెలల్లోనే పరికరం మీద పడాలంటాను.

ఇక స్క్రమ్ కోచ్‌ల మీద నాకో కోపం ఉంది. బ్యాంకింగ్ ప్రాజెక్టుల నుంచి వచ్చి, "డాక్యుమెంట్లు చివర్లో చూద్దాం" అంటారు. 2001 నాటి ఎజైల్ మ్యానిఫెస్టో డాక్యుమెంట్లు రాయొద్దని చెప్పలేదు, పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి వాటికన్నా ఎక్కువ విలువిచ్చింది, అంతే. మా టీమ్‌లో రిక్వైర్‌మెంట్, రిస్క్, టెస్ట్, రివ్యూ నాలుగూ ఒకదానికొకటి లింక్ అయితేనే ఆ స్టోరీ (స్ప్రింట్‌లో తీసుకున్న ఒక చిన్న పని) 'డన్', అంటే పూర్తయినట్టు. చివర్లో చూద్దామనుకున్న ఒక ప్రాజెక్టులో ట్రేసబిలిటీ (ఈ లింకులన్నీ చూపించడం) కోసం రెండు నెలలు రాత్రుళ్లు కూర్చున్నాం. ఇంకొకటి, సంతకాలు. అప్రూవర్ అమెరికాలో ఉంటే ఒక్క ఎలక్ట్రానిక్ సంతకం కోసం ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా టెన్షన్. ఇక్కడే ఒకరికి ఆ అధికారం ఇప్పించుకోండి.

మీ క్వాలిటీ వాళ్లతో వాదించకండి. ఒకరిని ప్లానింగ్‌లో కూర్చోబెట్టండి, డెమోకి పిలవండి. మా దగ్గర అందరికన్నా గట్టిగా వద్దన్న క్వాలిటీ మేడమ్ ఆ రోజు సిస్టర్ పక్కనే నిలబడి ఉన్నారు. తర్వాతి డెమో ఎప్పుడని ముందుగా అడిగింది ఆవిడే.