సెప్సిస్‌లో ప్రోబయాటిక్ పొడి ఇస్తే కిడ్నీలు నిలబడతాయా? మా అమ్మ విషయంలో జరిగింది చెప్తాను

మీ నాన్నగారు సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) ఐసీయూలో ఉన్నారు, కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ప్రోబయాటిక్ పొడి (మంచి బ్యాక్టీరియా ఉండే పొడి) ముక్కు ట్యూబులో వేస్తే అవయవాలు పాడవకుండా ఉంటాయా అని అడిగారు కదా. డాక్టరుకి చెప్పకుండా మాత్రం వేయకండి, ముందు ఆ మాట.

మూడేళ్ల కిందట మా అమ్మకి యూరిన్ ఇన్‌ఫెక్షన్ ముదిరి సెప్సిస్ అయింది. బీపీ పడిపోయింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 4 దాటింది (ఒకటి దగ్గర ఉండాలి), రాత్రంతా చూసినా యూరిన్ బ్యాగులో అరగ్లాసు చేరలేదు. మా బావ ఎక్కడో చదివి, పేగులో మంచి బ్యాక్టీరియా ఉంటే చెడ్డది రక్తంలోకి పోదట అంటూ పది సాచెట్లు కొనుక్కొచ్చాడు. పెరుగులాంటిదే కదా, ఏమవుతుందిలే అని నేనూ ఊరుకున్నాను. మంచం పక్కన నిలబడి సాచెట్ అంచు చింపబోతుంటే సిస్టర్ గబగబా వచ్చి, "సార్, ఇక్కడ విప్పకండి, మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసిన ట్యూబు) ఉంది, ఆ పొడి చేతికి అంటుకుని లైన్‌లోకి పోతే అదే రక్తంలో పెరుగుతుంది" అంది. అప్పుడు ఒళ్లు మండింది. తర్వాత చదివితే ఆవిడ చెప్పింది నిజమే, కొన్ని ప్రోబయాటిక్ సాచెట్లలో ఉండే సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్ అలా రక్తంలోకి చేరిన కేసులున్నాయి.

బావ మాట కూడా ఉత్తదేం కాదు. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందుల మీద చేసిన పరీక్ష 2017లో వచ్చింది, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మంచి బ్యాక్టీరియా ఏడు రోజులు ఇస్తే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4కి తగ్గాయి. కానీ వాళ్లు బాగున్న పిల్లలు, జబ్బు రాకముందే ఇచ్చారు. అసలు తేడా అక్కడుంది. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఉన్నవాళ్లకి ప్రోబయాటిక్ ఇచ్చి చూస్తే (2008లో వచ్చింది) ఇచ్చినవాళ్లలో 16 శాతం, ఇవ్వనివాళ్లలో 6 శాతం చనిపోయారు, కొందరికి పేగుకి రక్తం అందక అది దెబ్బతింది. వెంటిలేటర్ మీదున్న 2,650 మందికి కెనడా డాక్టర్లు ఇచ్చి చూసినప్పుడు న్యుమోనియా ఏమీ తగ్గలేదు. ఎలుకల్లో కిడ్నీలు, లివర్ కాపాడింది అని రాసేవాళ్లు ఇవి రాయరు, అదే నా బాధ.

అమ్మని నిలబెట్టింది టైముకి పడిన యాంటీబయాటిక్, బీపీ మందులు, రెండు డయాలసిస్‌లు. మీరు కల్చర్ రిపోర్ట్ (ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష) వచ్చిందా, యూరిన్ గంటకి ఎంత వస్తోంది, ఈ రెండూ రోజూ అడగండి. అమ్మని వార్డుకి మార్చి లైన్ తీసేశాక, పెరుగన్నం పెట్టమని డాక్టరే చెప్పారు.