ఏజెన్సీ సచివాలయంలో చేరుతున్న అమ్మాయికి

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీర్వదించి వ్రాయునది.

ముంచింగిపుట్టు మండలంలో గ్రామ సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఏజెన్సీ అర్జీలు చూస్తూ ఉద్యోగజీవితం గడిపినవాణ్ని కనుక, అక్కడ నీకు ముందుగా ఎదురయ్యేవి వ్రాస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి కలెక్టరేటు పాడేరుకు వచ్చాక, మన్యం వాళ్లు ప్రతి పనికీ విశాఖ దిగవలసిన బాధ తప్పింది. అయినా పథకాలు ఏదో ఒక కాగితం దగ్గర ఆగిపోతూనే ఉన్నాయి. పింఛను రాలేదని ఒక ముసలమ్మ వస్తే, అర్జీ వ్రాసి పంపేసి ఊరుకోకు. ఆ ఇంట్లో మొదట ఆగిన కాగితం ఏదో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లు.

చాలా ఇళ్లలో అది పుట్టిన తేదీకి సంబంధించినదే అవుతుంది. ఇంట్లోనే పురుడు జరిగిన బిడ్డకు జనన ధ్రువీకరణ పత్రం ఉండదు, అది లేక ఆధార్ ఉండదు, ఆధార్ లేక రేషన్ కార్డులో పేరు ఎక్కదు. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే పూర్వం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ తరువాత సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు ఉత్తర్వు సరిపోతుంది. అందుచేత తల్లిదండ్రులను ఒక్కొక్కరినీ తిప్పకుండా, గూడెంలోని పిల్లలందరి జాబితా ఒకేసారి తయారుచేసి పైకి పంపు. పెద్దవాళ్ల ఆధార్‌లో జనవరి 1 అని అంచనాగా వేసిన తేదీలు నీకు కనిపిస్తాయి. గిరిజనులకు వృద్ధాప్య పింఛను యాభై ఏళ్లకే వస్తుంది, ఆ అంచనాలో వయసు తక్కువ పడితే అది అందదు. నెలకు 4,000 రూపాయలంటే అక్కడ ఒక సంసారం నిలబడుతుంది. అయితే ఆధార్‌లో పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు కాబట్టి, ఆధారాలన్నీ సరిచూసిన తరువాతే మార్పించు.

ఆదిమ తెగల వారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2023 నవంబర్‌లో వారికోసం మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద ఇల్లు కట్టుకోవడానికి రెండు లక్షల రూపాయలు ఇస్తారు గాని, జాబితాలో ఉన్నవి బోడో గదబ, గుటోబ్ గదబ, పరెంగి పోర్జ వంటి ఉపతెగల పేర్లు. కుల ధ్రువీకరణ పత్రంలో ఉపతెగ లేకపోతే అర్హులైనవాళ్లే వెనక్కి తిరిగి రావలసి ఉంటుంది. ఆ పేరు నువ్వు ఊహించి వ్రాయకు, ఊరి పెద్దలను కూర్చోబెట్టి అడుగు.

పోడు భూమి పట్టాల గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అన్యాయం ఎక్కువగా జరిగేది అక్కడే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఉంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. పాత కాగితాలు లేవన్న మాట ఒక్కటే అర్జీని కొట్టివేయడానికి చాలదు, ఊరి పెద్దలు వ్రాసి ఇచ్చిన వాంగ్మూలం కూడా నిబంధనలలో చెప్పిన సాక్ష్యాలలో ఒకటి. అర్జీ తిరస్కరించామని నోటితో చెబితే ఒప్పుకోవద్దని, కారణం వ్రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలని ప్రతి ఇంటికీ చెప్పు. అది చేతికి వచ్చిన అరవై రోజుల్లో పైకమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. విచారణ పూర్తయ్యేవరకు వాళ్లను ఆ భూమి నుంచి ఖాళీ చేయించే అధికారం ఎవరికీ లేదు.

షావుకార్ల అప్పు సంగతి నీ ఉద్యోగంలో భాగం కాకపోవచ్చు, అయినా చెవిన వేసుకో. షెడ్యూల్డ్ ప్రాంతంలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయడాన్ని 1960 నుంచే నిషేధించారు. కాఫీ పూతకు ముందే షావుకారుతో ధర తెంచుకున్న రైతును చూస్తే, మన విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థ ఆ ఏడాది ప్రకటించిన కొనుగోలు ధర అతనికి చెప్పు. కోర్టుకు వెళ్లవలసి వస్తే షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. రోగులను విశాఖలోని కేజీహెచ్ పెద్దాసుపత్రికి పంపేటప్పుడు, గిరిజన రోగులకు సాయపడే అక్కడి ఎస్టీ సెల్‌లో ముందు కలవమని చెప్పడం మరవకు.

ఏ అర్జీ అయినా వాళ్ల భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర వేయించు. కువి గాని ఆదివాసీ ఒడియా గాని తెలిసిన ఊరి కుర్రాణ్ని పక్కన ఉంచుకో. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో రసీదు తీసుకుని ఒక ప్రతి వాళ్ల ఇంట్లోనే ఉంచు. నీకు రేపు బదిలీ అయినా ఆ కాగితం అక్కడే ఉంటుంది.

తిరస్కరణ ఉత్తర్వు ఏది వచ్చినా ఫోటో తీసి నాకు పంపు, అప్పీలు ముసాయిదా నేను వ్రాసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి