బండి బుక్ చేశాక ప్రయాణం ఆగిపోతే

ప్రశ్న: అరకు వెళ్దామని విశాఖలో మూడు రోజులకు సెల్ఫ్ డ్రైవ్ కారును యాప్‌లో బుక్ చేశాం. అద్దె రూ.9,000, డిపాజిట్ రూ.5,000 ముందే కట్టాం. ముందురోజు రాత్రి నాన్నగారిని ఐసీయూలో చేర్చాల్సి వచ్చి, రాలేమని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెప్పాం. తీరా చూస్తే ‘నో షో’ అని అద్దె మొత్తం కోసేశారు. డిపాజిట్ కూడా రాలేదు. డబ్బు వస్తుందా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు డిపాజిట్ సంగతి. అది బండికి సొట్టలు పడితేనో, చలానా వస్తేనో, ఫాస్టాగ్ బాకీ ఉంటేనో పట్టుకోవడానికి తీసుకునేది. మీరు బండి తాళమే అందుకోలేదు కాబట్టి రూ.5,000 పూర్తిగా అడగండి. అద్దె ఫిర్యాదులో దీన్ని కలపొద్దు. కలిపితే రెండూ నానతాయి.

అద్దె దగ్గరే చిక్కు. ఇంట్లో ఆపద వస్తే డబ్బంతా తిరిగివ్వాలని చట్టంలో లేదు. కంపెనీ షరతులే దిక్కు. ఫోన్‌లో చెప్పినంత మాత్రాన చాలా కంపెనీల సిస్టమ్‌లో బుకింగ్ రద్దు కాదు. యాప్‌లో రద్దు నొక్కిన సమయమే లెక్క. పికప్ టైమ్ దాటేదాకా బుకింగ్ అలాగే ఉంటే అది నో షో. అందుకే ఎవరికైనా ముందు రద్దు నొక్కి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకుని, తర్వాతే బతిమాలుకోమని చెబుతాం. రీఫండ్ ‘వ్యాలెట్’కా, కట్టిన ఖాతాకా అని అడిగితే ఖాతానే ఎంచుకోండి. వ్యాలెట్ డబ్బుకు గడువు ఉండొచ్చు.

మీకున్న ఆధారం కాల్ లాగ్. పికప్‌కు ముందే కబురు అందింది కాబట్టి నో షో తీసేసి, ఆ కాల్ సమయానికి వర్తించే రద్దు చార్జీ మాత్రమే పట్టుకోమని కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయండి. కాల్ స్క్రీన్‌షాట్, బుకింగ్ నంబరు, ఆస్పత్రి అడ్మిషన్ స్లిప్ జతచేస్తే చాలు. రోగం వివరాలున్న రిపోర్టులు పంపనక్కర్లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కంపెనీలు తమవైపు నుంచి రద్దు చేసినప్పుడు తాము అలాంటి చార్జీ భరించకుండా, వినియోగదారుడి దగ్గర మాత్రం రద్దు చార్జీ వసూలు చేయకూడదన్న నియమం కూడా అందులోనే ఉంది. ‘మీరు రద్దు చేస్తే నాకెంత ఇస్తారు?’ అని మెయిల్‌లో ఒక వాక్యం తప్పక రాయండి.

కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్లు కంపెనీతో మాట్లాడి పెట్టగలరే గానీ ఉత్తర్వులివ్వరు. అదీ కాకపోతే వరంగల్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, విశాఖ వెళ్లక్కర్లేదు. కట్టిన సొమ్ము రూ.5 లక్షల్లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ప్రశ్న: నేను వెళ్లలేకపోతే నా బుకింగ్ మీద తమ్ముడు బండి నడపొచ్చా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కంపెనీ అతని లైసెన్స్ సరిచూసి, డ్రైవర్‌గా పేరు ఎక్కించి, మెయిల్‌లో ఖరారు చేస్తేనే. లేకుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ పెడతారు, మరమ్మతు ఖర్చంతా బుక్ చేసిన మీ నెత్తిన పడొచ్చు. పికప్‌కు అతను ఒరిజినల్ లైసెన్స్, లేదా డిజిలాకర్‌లోని కాపీ తీసుకెళ్లాలి. ఫోన్ గ్యాలరీలో ఫొటో చూపిస్తే కుదరదు.